ట్యాంకు మీద వంద... కాగితం మీద నూట ముప్పై రెండు!

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు మన శీర్షికకు ఉత్తరం రాశాడు. ఉత్తరం అరపేజీ, ఫోటోలు నాలుగు, ఆర్.సి. జిరాక్సు ఒకటి. 'ఆర్ ఎక్స్ 100' సినిమా ఎన్నిసార్లు చూశాడో లెక్క కూడా రాశాడు గానీ, ఆ అంకె ఇక్కడ అచ్చు వేస్తే వాళ్ళ నాయిన కంట పడుతుందేమోనని వదిలేస్తున్నాను! సంగతేమిటంటే, పత్తి డబ్బులు చేతికొచ్చాయి. బండి కొనిస్తానని నాయిన ఒప్పుకున్నాడు. నల్లగొండలో ఒకాయన దగ్గర నల్ల ట్యాంకు, తళతళలాడే మడ్‌గార్డులతో ఒక బండి ఉంది. లక్షా ఇరవై వేలు చెబుతున్నాడు. "అన్నా, గిది అసలైన ఆర్ ఎక్స్ హండ్రెడేనా? ఎనబై తొమ్మిది మోడల్, జపాన్ ఇంజన్ అంటున్నడు. పైకెల్లి అయిదు గేర్లు పడ్తున్నయ్, గదే స్పెషల్ అంటున్నడు. అడ్వాన్సు ఇయ్యాల్నా వద్దా, జర జెప్పు" అని తమ్ముడి ప్రశ్న.

జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. చెబితే ఒక్క ఇంట్లో డబ్బు మిగులుతుంది, అంతే. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో (2016లో అవి ఎన్ని ముక్కలైనా మన నోటికి ఇంకా రెండే కదా!) సంతలో ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూడకుండా పైసా తీయని నాయినలున్నారు. వాళ్ళ కొడుకులే పాత యమహా కొనేటప్పుడు స్టిక్కరు చూసి డబ్బిచ్చేస్తున్నారు. అంచేత ఈ వారం సినిమా కబుర్లు కాస్త తగ్గించి, బండికి పళ్ళెక్కడుంటాయో చూద్దాం.

స్పోర్ట్సు కారు ఎవరిది? మనదేది?

స్పోర్ట్సు కార్లను తెర మీద చూసి పెరిగిన వాళ్ళం మనం. పైకప్పు లేని కారు, స్టీరింగు వదిలేసి పాడే హీరో, గాలికి ఎగిరే హీరోయిన్ స్కార్ఫు... తీరా ఆట విడిచి బయటికొస్తే మహబూబ్‌నగర్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు, అంబాసిడర్ ట్యాక్సీ! పాత స్పోర్ట్సు కార్ల పిచ్చివాళ్ళు విదేశాల్లో చాలామంది ఉన్నారు. ఒకే కారు, ఒకే ఆకారం. కానీ అది మామూలు రకమా, పెద్ద ఇంజను రకమా తేల్చడానికి బానెట్ కింద తల దూర్చి నెంబర్లు చదువుతారు. వెనక బ్యాడ్జీ ఒకటి మారిస్తే ధర అమాంతం పెరిగిపోతుంది మరి!

మనకు కాస్త దగ్గరలో సోకుల కారు అంటే మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. 1961లో మొదలైంది. ఇటలీ డిజైనరు మికెలొట్టి గీసిన ఆకారం, 948 సిసి ఇంజను. దాని మోడళ్ళను గుర్తుపట్టడం సులువు. రెండు తలుపులుంటే పాత హెరాల్డ్, నాలుగు తలుపులుంటే మన దేశం కోసమే చేసిన తరువాతి మార్క్ త్రీ. తలుపులు లెక్కపెట్టగలిగితే చాలు. కానీ మన కుర్రకారు కలల్లోకి ఆ హెరాల్డ్ కూడా వచ్చేది కాదు. బీడు భూములు, బండరాళ్ళ గుట్టలు, ఊరికీ ఊరికీ మధ్య ఆమడ దూరం... ఇక్కడ స్పోర్ట్సు కారు అంటే రెండు చక్రాలదే. దానికి తలుపులుండవు. కాబట్టి లెక్కపెట్టడం అంత సులువు కాదన్నమాట!

సినిమా పేరు పెడితే

ఒక బండికి సినిమా పేరు తగిలితే ఏమవుతుందో మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. 1973లో రాజ్ కపూర్ 'బాబీ' వచ్చింది. రిషి కపూర్, డింపుల్ కపాడియాలను ఎక్కించుకుని తిరిగిన ఆ బుల్లి మోటారు సైకిలు రాజ్‌దూత్ జి.టి.ఎస్. 175. ఎస్కార్ట్స్ కంపెనీ తయారీ. సినిమా ఆడాక దాన్ని అసలు పేరుతో పిలిచినవాడే లేడు. 'బాబీ బండి' అయి కూర్చుంది. అదే కంపెనీ వారి మామూలు రాజ్‌దూత్ పాల క్యాన్లు మోసుకుంటూ పల్లెలన్నీ తిరిగింది. దానికి ఏ రాజ్ కపూరూ దొరకలేదు, పాపం!

మళ్ళీ అలాంటి ముచ్చటే 2018 జులై 12న జరిగింది. అజయ్ భూపతి మొదటి సినిమా, కార్తికేయ, పాయల్ రాజ్‌పుత్ జంట, పేరు 'ఆర్ ఎక్స్ 100'. కథ గోదావరి పల్లెలోది గానీ బండి మాత్రం అన్ని ఊళ్ళదీ. విచిత్రమేమిటంటే, ఆ సినిమా వచ్చేనాటికి ఆ బండి తయారీ ఆగిపోయి ఇరవై రెండేళ్ళు! షోరూములో లేని సరుకు మీద మోజు పుడితే ఏమవుతుంది? పశువుల కొట్టంలో, ధాన్యం బస్తాల వెనక దుమ్ము కొట్టుకున్న బండ్లన్నీ బయటికొచ్చాయి. అవి అయిపోయాక మరి? అక్కడే మొదలైంది అసలు నాటకం. ఆర్ ఎక్స్ 100 కాని బండ్లు కూడా రంగు వేసుకుని, స్టిక్కరు అంటించుకుని అదే పేరుతో తెర మీదికొచ్చాయి. డూపు వేషాలు వేయడం మన హీరోలకే వచ్చనుకున్నారా?

ఇంతకీ ఏది ఏది?

1985 చివర్లో ఎస్కార్ట్స్ వారు జపాను యమహాతో కలిసి ఆర్ ఎక్స్ 100ను తెచ్చారు. అదే ఏడు హీరో హోండా సి.డి. 100 కూడా వచ్చింది. అది పెట్రోలు పొదుపు బండి. జీతగాళ్ళు దాన్ని కొనుక్కున్నారు, కుర్రాళ్ళు దీన్ని చూసి కలలు కన్నారు. కారణం ఇంజను తీరులోనే ఉంది. ఫోర్ స్ట్రోకు ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి పెట్రోలు మండుతుంది. టూ స్ట్రోకులో ప్రతి చుట్టుకూ మండుతుంది. అందుకే బుల్లి ఇంజనులో అంత దూకుడు. పదకొండు హార్స్ పవరు, వంద కిలోల చిల్లర బరువు, నాలుగు గేర్లు. ఎక్సలేటరు తిప్పితే ముందు చక్రం నేల మీద ఉండాలా వద్దా అని ఆలోచించేది!

అయితే టూ స్ట్రోకు పెట్రోలుతో పాటు ఆయిలూ తాగుతుంది. తాగి నీలిపొగ వదులుతుంది. పొగ నిబంధనలు బిగిసేసరికి 1996లో ఆర్ ఎక్స్ 100 తయారీ ఆపేశారు. ఈ ఏడును గోడ మీద రాసుకోండి. మనకు ఇదే మొదటి పన్ను.

ఆ స్థానంలోకి తమ్ముళ్ళు వచ్చారు. ఆర్ ఎక్స్ జి, ఆర్ ఎక్స్ 135, కాస్త వేరే ముఖంతో ఆర్ ఎక్స్ జెడ్. ఈ తమ్ముళ్ళందరికీ ఇంజను 132 సిసి. ఆర్ ఎక్స్ 135 మళ్ళీ రెండు రకాలు. నాలుగు గేర్లది ఒకటి, అయిదు గేర్లది ఒకటి. ఇది 2005 దాకా నడిచింది. దూరం నుంచి చూస్తే ఆర్ ఎక్స్ 100, ఆర్ ఎక్స్ 135 ఒకే తల్లి పిల్లలు. ట్యాంకు, సీటు, సైడు డోములు, లైటు, మడ్‌గార్డు... ఒకదానివి తీసి ఇంకోదానికి బిగించినా, పూర్తిగా కొత్తవి కొని తొడిగినా అడిగేవాడు లేడు. కాబట్టి కంటికి అందంగా కనిపించే వస్తువు దేన్నీ సాక్ష్యం కింద తీసుకోవద్దు. స్టిక్కరు సెట్టు ఏ స్పేర్ పార్టుల దుకాణంలోనైనా దొరుకుతుంది. చప్పుడు కూడా సాక్ష్యం కాదండోయ్! సైలెన్సరు మారిస్తే చప్పుడు మారుతుంది. "సౌండు విన్నవా అన్నా, పక్కా వందే" అనేవాడి మాట అసలు వినొద్దు.

మరి ఏది సాక్ష్యం? కాగితం, లోహం. ముందు కాగితం చూడండి. ఆర్.సి.లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. 1996 తరువాతి ఏడు కనిపిస్తే అది ఆర్ ఎక్స్ 100 కాదు. వాదన అక్కరలేదు. దాని పక్కనో కిందనో 'క్యూబిక్ కెపాసిటీ' అని ఉంటుంది. అక్కడ 98 ఉండాలి. 132 ఉంటే తమ్ముడి బండే.

ఇప్పుడు మన దేవరకొండ జిరాక్సు తీసి చూద్దామా? తయారీ 1999. క్యూబిక్ కెపాసిటీ 132. ట్యాంకు మీద వంద రాసుకున్న పెద్దమనిషి కాగితం మీద నూట ముప్పై రెండు! దానికి తోడు అయిదు గేర్లు. అమ్మేవాడు గొప్పగా చెప్పిన ఆ 'స్పెషలే' దొంగను పట్టించింది. ఆర్ ఎక్స్ 100కి పుట్టుకతో నాలుగే గేర్లు. అయిదు పడ్డాయంటే అది అయిదు గేర్ల 135 అన్నా కావాలి, దాని గేరుబాక్సు తెచ్చి ఇందులో పెట్టిందన్నా కావాలి. ఎటు తిప్పినా లక్షా ఇరవై వేల సరుకు కాదు.

కాకపోతే ఈ గేర్ల లెక్క ఒక వైపే పనిచేస్తుంది సుమండీ! అయిదు పడితే వంద కాదని చెప్పగలం గానీ, నాలుగు పడితే వందే అని చెప్పలేం. నాలుగు గేర్ల 135 కూడా ఉందిగా. సెంటరు స్టాండు వేసి, ఇంజను ఆపి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో గేరూ వేసి లెక్కపెట్టండి. రెండు నిమిషాల పని. రోడ్డు మీద దౌడు తీస్తూ లెక్కపెడితే మాత్రం, మోజులో అంకెలు ఎగిరిపోతాయి.

ఇక నెంబరు ప్లేటు. ఇది సినిమా వాళ్ళకు కూడా పనికొచ్చే ముచ్చట. 1989 జులైలో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చింది. ఏపీ అని, పక్కన జిల్లా అంకె వేసే పద్ధతి ఆ రోజుల నుంచే. ఏపీ 22 అంటే మహబూబ్‌నగర్, ఏపీ 24 అంటే నల్లగొండ. అంతకు ముందు మన రాష్ట్రం బండ్లకు 'ఎ' అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల నెంబర్లుండేవి. 2014లో తెలంగాణ వచ్చాక నల్లగొండ టీఎస్ 05, మహబూబ్‌నగర్ టీఎస్ 06 అయ్యాయి. 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. కాబట్టి ఎవరైనా "ఎనబై ఆరు మోడల్, ఫస్ట్ ఓనర్, ఊరు దాటలే" అంటూ ఏపీ 24 ప్లేటు చూపిస్తే కొంచెం ఆగండి. ఎనబై ఆరులో ఆ నెంబరే పుట్టలేదు! వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ తిరిగి రిజిస్ట్రేషన్ చేయిస్తే కొత్త నెంబరు రావచ్చు, అది న్యాయమే. కానీ అప్పుడు 'ఊరు దాటలే' అన్న మాట అబద్ధం. రెండింట్లో ఏదో ఒకటే నిజం కాగలదు. ఈసారి 1985లో జరిగే కథ అని టైటిల్సులో వేసిన సినిమా చూస్తున్నప్పుడు హీరో బండి ప్లేటు కూడా ఓ కంట కనిపెట్టండి. ఏపీ నెంబరు కనిపిస్తే పక్కవాడితో పందెం గెలిచినట్టే!

కాగితం అయిందా? ఇప్పుడు లోహం. హ్యాండిలు కింద, ఛాసిస్ మెడ దగ్గర ఛాసిస్ నెంబరు గుద్ది ఉంటుంది. ఇంజను నెంబరు ఇంజను కేసు మీద. రెండూ ఆర్.సి.తో అక్షరం అక్షరం సరిపోవాలి. కళ్ళతో చదివి సరిపెట్టుకోవద్దు. తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. ఆర్.టి.ఏ. ఆఫీసులో ప్రింటు తీసేది అలాగే. అసలు గుద్దుడులో అక్షరాలు ఒకే ఎత్తులో, ఒకే లోతులో వస్తాయి. ఒక అంకె పక్కకి ఒరిగినా, ఆ చుట్టూ మాత్రమే గ్రైండరు గీతలు కనిపించినా, బండంతా పాత రంగు ఉండి మెడ దగ్గర మాత్రం కొత్త రంగు మెరిసినా, దండం పెట్టి వచ్చేయండి. అది మోడలు తేడా కాదు, పోలీసు కేసు. దొంగ బండి అని తేలితే బండి పోతుంది, డబ్బు పోతుంది, స్టేషను చుట్టూ తిరగడం మాత్రం మిగులుతుంది. పత్తి డబ్బులు మళ్ళీ రావాలంటే ఇంకో వానాకాలం ఆగాలి కదా.

నెంబర్లు రెండూ సరిపోయాయి, ఆర్.సి.లో 98 ఉంది, తేదీ 1990. ఇక నిశ్చింతేనా? ఇంకా కాదు! ఇక్కడే కాస్త లెక్కలు చేయాలి. లెక్కలంటే భయపడేవాళ్ళు కూడా చదవండి, డబ్బు లెక్కే ఇది. ఆర్ ఎక్స్ 100 పిస్టను అడ్డం కొలత 50 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ తిరిగే దూరం కూడా 50. ఆర్ ఎక్స్ 135లో తిరిగే దూరం అదే 50, పిస్టను అడ్డం మాత్రం 58. గుణించి చూసుకోండి. మొదటిది 98 సిసి, రెండోది 132 సిసి వస్తుంది. అంటే తేడా అంతా బోరులోనే. అందుకే మెకానిక్కులు 135 బ్లాకు తెచ్చి వంద బండికి బిగించేస్తుంటారు. పైకి ఏమీ తెలియదు. బండి మాత్రం తెగ లాగుతుంది. కాగితం వంద, ఒళ్ళు నూట ముప్పై రెండు!

దీన్ని పట్టడానికి హెడ్డు విప్పించాలి. నాలుగు నట్ల పని, నమ్మకమైన మెకానిక్కుకు పెద్ద సేపు పట్టదు. బోరింగు షాపులో కొలిచే సాధనం ఉంటుంది. ఆర్ ఎక్స్ 100 బోరు అరిగినప్పుడు పావు మిల్లీమీటరు చొప్పున పెంచుతూ పోతారు. 50.25, 50.50, అలా 51 దాకా అనుకోండి. ఎంత అరిగినా, ఎన్నిసార్లు బోరు కొట్టించినా 58 కాదు. 58 వచ్చిందంటే ఆ బ్లాకు తమ్ముడిదే. అమ్మేవాడు "హెడ్డు ఇప్పుడెందుకు విప్పుతరన్నా, సీలు బండి" అంటే, ముప్పై ఏళ్ళు దాటిన బండికి సీలేమిటని మీరే నవ్వండి.

      

ఇక జపాను! మొదట్లో వచ్చిన ఆర్ ఎక్స్ 100 బండ్లలో జపాను నుంచి తెచ్చిన భాగాలుండేవన్నది నిజమే. ఆ మాట పట్టుకుని ఇవాళ ప్రతివాడూ 'జపాన్ పీస్' అంటున్నాడు. సూర్యాపేట నుంచి గద్వాల దాకా అమ్మకానికి పెట్టిన జపాను ఇంజన్లన్నీ లెక్కపెడితే, ఇక జపానులో వాళ్ళు నడుచుకుంటూ తిరుగుతుండాలి! మొదటి సంవత్సరాల తేదీ ఆర్.సి.లో ఉంటే ఆ మాట వినడానికి అర్థముంది. తొంభై నాలుగు మోడలు పట్టుకుని జపాను అంటే, టీ తాగి డబ్బులు మీరే ఇచ్చి వచ్చేయండి.

మరి 135 తక్కువదా?

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పి తీరాలి. చదివి వంద అభిమానులు కోప్పడినా సరే. ఆర్ ఎక్స్ 135 తక్కువ బండి కాదు! అయిదు గేర్ల రకానికి పద్నాలుగు హార్స్ పవరు దాకా ఉంది.  వయసు కూడా తక్కువ. రోజూ కల్వకుర్తి నుంచి జడ్చర్లకు కాలేజీకి వెళ్ళే కుర్రాడైతే నేను దాన్నే కొనుక్కోమంటాను. దాని మీద ఏ సినిమా రాలేదు, అదొక్కటే దాని లోటు. ఆ లోటు వల్లే అది చవక. చవక బండిని చవకగా అమ్మితే ఎవరికీ పేచీ లేదు. తమ్ముడి ఒంటికి అన్న చొక్కా తొడిగి అన్న ధర అడగడమే అన్యాయం. దేవరకొండ తమ్ముడికి నా సలహా కూడా అదే. బండి నచ్చితే కొనుక్కో. కానీ 1999 మోడల్ అయిదు గేర్ల 135 అని నోటితో చెప్పించి, ఆ ధర మాట్లాడు. వంద అనే మాట ఎత్తితే లేచిరా. నాయినను వెంట తీసుకెళ్ళు. బండి సంగతి ఆయనకు తెలియకపోవచ్చు గానీ, బేరంలో అవతలివాడు ఎప్పుడు కళ్ళు తిప్పుతాడో ఆయనకు తెలిసినంత నీకు తెలియదు.

కొన్నాక కూడా పని ఉంది. చాలామంది సంతకం పెట్టిన ఫారాలు జేబులో పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరుగుతారు. ఫారం 29, ఫారం 30 అమ్మినవాడి, కొన్నవాడి సంతకాలతో ఆర్.టి.ఏ. ఆఫీసుకు చేరాలి. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో తెలియజేయాలని చట్టం. ఆర్.సి.లో పాత ఫైనాన్సు పేరు మిగిలి ఉంటే ఫారం 35తో అది తీయించుకోవాలి. ఎప్పుడో అప్పు తీరిపోయిందంటే చాలదు. కాగితం మీద కూడా తీరాలి. పదిహేనేళ్ళు దాటిన బండి గనుక రిజిస్ట్రేషను అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి. అది ఎప్పటిదాకా ఉందో ముందే చూసుకోండి. గడువు దాటిన బండి కొంటే ఆ తలనొప్పి కూడా ధరలో కలిపి కొన్నట్టే. ఎం పరివాహన్‌లో నెంబరు కొట్టి ఫోనులోనే చాలా వివరాలు చూడొచ్చు. అక్కడ కనబడకపోతే ఆఫీసుకే వెళ్ళి అడగండి, అమ్మేవాడి మాట మీద వదలొద్దు. ఇంజను బ్లాకు మార్చిన బండి గురించి పైన చెప్పాను కదా, కంపెనీ ఇచ్చిన దాన్ని అలా సొంతంగా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధం. యాక్సిడెంటు అయిన రోజున ఇన్సూరెన్సు వాళ్ళు మొదట అడిగేది అదే అవుతుంది.

యాక్సిడెంటు మాటొచ్చింది గనుక, మోడల్ ఏదైనా ఒకటి గుర్తుంచుకోండి. ఈ బండ్లు పరుగెత్తినంత బాగా ఆగవు. రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పైగా టూ స్ట్రోకు బండి ఎక్సలేటరు వదిలితే ఇంజను పెద్దగా పట్టి ఆపదు. శివరాత్రికి శ్రీశైలం బయల్దేరే అచ్చంపేట, మన్ననూరు కుర్రాళ్ళు దోమలపెంట దాటాక ఘాటు దిగేటప్పుడు దీన్ని తెలుసుకుంటారు. వెనకాల ఇద్దరిని ఎక్కించుకుని, బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే డ్రమ్ము వేడెక్కి, ఆఖరి మలుపులో తొక్కినా పట్టదు. గేరు తగ్గించి, ఆగి ఆగి, కోతులకు శనగలు పెడుతూ దిగండి. సినిమాలో హీరో దిగినట్టు దిగాలంటే కింద అట్టపెట్టెలు పరిచే ఫైట్ మాస్టరు కావాలి. నల్లమలలో అట్టపెట్టెలుండవు.

మక్తల్ నుంచి ఇంకో ఉత్తరం ఉంది. చిన్నదే. "రాజ్‌దూత్ 350లో హెచ్.టి., ఎల్.టి. అంటరు, తేడా ఏంది?" అని. అది 1983లో మొదలై ఆ దశాబ్దం చివరితో ఆగిపోయిన బండి. జపాను యమహా ఆర్ డి 350కి మన దేశపు రూపం. రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు, ఆరు గేర్లు, 347 సిసి. జపాను బండికి ముందు డిస్కు బ్రేకు ఉండేది, మనకు డ్రమ్ము వేశారు. ముందొచ్చింది హెచ్.టి., అంటే హై టార్కు, ముప్పైన్నర హార్స్ పవరు. పెట్రోలు మరీ తాగుతోందని తరువాత ఎల్.టి. తెచ్చారు, అంటే లో టార్కు, ఇరవై ఏడు. తేడా రంగులో లేదు, ట్యాంకులో లేదు. ముఖ్యంగా ఇంజను లోపల, కాలిన పొగ బయటికి పోయే దారి దగ్గర ఉంది. కాబట్టి బయట నిలబడి హెచ్.టి. అని ఒట్టేసి చెప్పేవాణ్ణి నమ్మకండి. సిలిండర్లు విప్పి, ఆ బండ్ల మీద చేయి తిరిగిన మెకానిక్కుకు చూపించాలి. విప్పనివ్వకపోతే ఎల్.టి. ధర దగ్గరే బేరం ఆపేయండి.